కళ్ళు మూసిన పది నిమిషాలు

దేవుడి దగ్గర వెలిగించిన దీపంలో నాకొక నల్లచుక్క కనిపించేది. అది వత్తి మీది మసా, నా కంట్లో దోషమా, లేక నా మనసుకే ఏదైనా మచ్చ పడిందా అన్న అనుమానాన్ని ఏళ్ళ తరబడి మోశాను. మనుషులెవరికీ చెప్పలేదు. "నాలో ఏం తప్పుందని ఇది చూపిస్తున్నావు స్వామీ?" అని దేవుణ్ణే అడిగేదాన్ని. ఆయనా చెప్పలేదు.

నా పని చుక్కలు వెతకడం. ఇంజక్షన్ మందు సీసాల ఫ్యాక్టరీ. కరెంటు దీపం ముందు కూర్చుని, ఒక్కో సీసాను తిప్పుతూ తెల్ల అట్ట ముందు ఒకసారి, నల్ల అట్ట ముందు ఒకసారి చూడాలి. లోపల నలుసుంటే పక్కకు తీసెయ్యాలి. బెల్టు మీద సీసాలు వస్తూనే ఉంటాయి. గదికి కిటికీల్లేవు. ఒక వరుస మగవాళ్ళది, రెండు వరుసలు మావి. అరగంటకోసారి గంట మోగితే మగవాళ్ళు దీపాలు ఆర్పి పది నిమిషాలు బయట తిరిగొచ్చేవారు. కళ్ళకు విశ్రాంతి ఇవ్వాలని గోడ మీద రాసే ఉంది. మాకు మాత్రం లేదు. రికార్డుల్లో వాళ్ళు చెకర్లు, మేం హెల్పర్లం. ఆ పది నిమిషాలూ వాళ్ళ సీసాలు కూడా మా వైపే మళ్ళేవి.

"ఆడవాళ్ళకు ఓపిక పుట్టుకతోనే వస్తుందమ్మా," అనేవాడు సూపర్‌వైజరు. మొదట్లో పొగుడుతున్నాడనుకుని నేను నవ్వాను కూడా.

పదకొండేళ్ళ కిందట, ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు, నాకు కళ్ళు తిరిగాయి. పక్క సీటులోని అక్క నన్ను బల్ల కిందికి తోసి, "పడుకోవే," అంది. పది నిమిషాలు నా సీసాలూ తన సీసాలూ తనే చూసింది. లేచాక, "ఈ పది నిమిషాలూ నువ్వు నాకు బాకీ. ఎప్పుడో తీర్చు," అని నవ్వింది. తీర్చడానికి నాకెప్పుడూ పది నిమిషాలు దొరకలేదు.

ఆ అక్కే ఒకరోజు భోజనాల వేళ డబ్బా తెరిచి, అన్నం మెతుకు మెతుకూ వెలుతురుకు పెట్టి తిప్పి చూడటం మొదలుపెట్టింది. అందరం చూశాం. మా డబ్బాల్లోకి తలలు దించుకున్నాం. ఇంట్లో మనవరాలి బుగ్గ మీద నలుసుందని చర్మం కందిపోయేదాకా తుడిచిందట. చెబుతూ ఏడ్చింది. సూపర్‌వైజరు ఆమెను కంపెనీ డాక్టరు దగ్గరికి పంపాడు. "ఇంటి గొడవల వల్ల మానసిక బలహీనత" అని ఆయన రాసిచ్చాడు. తనంతట తానే మానేస్తున్నట్టు సోమవారం సంతకం పెట్టాలన్నారు.

"మా ఇంట్లో గొడవలేం లేవే," అంది అక్క నాతో. "ఉన్నాయేమో, నాకే తెలియట్లేదేమో. పిచ్చిదాన్ని కదా."

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. శనివారం పని దిగాక, బట్టలు మార్చుకునే గదిలో ముప్ఫై మందిమి ఉండగా, దేవుడి దీపంలోని చుక్క సంగతి బయటపెట్టాను. అందరూ నా మొహమే చూశారు. ఇక నా డాక్టరు కాగితం కూడా సిద్ధమే అనుకున్నాను.

"నీక్కూడానా?" అంది మాలో నోరున్న పిల్ల. దాన్ని మేం గయ్యాళి అని పిలుస్తాం. "నాకైతే మా ఆయన మొహం నిండా చుక్కలే. ఆయన అందానికి వాటితో కొత్తగా పోయేదేం లేదు గానీ, నాకే నిద్ర పట్టదు."

నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. ఒకామె రోజూ గోడలు తుడుస్తుందట. ఇంకొకామెకు పిల్లల్ని ఎత్తుకోవాలంటేనే భయమట. ఇన్నాళ్ళూ ఎవరి పిచ్చిని వాళ్ళు కడుపులో దాచుకుని ఒకే బల్ల ముందు కూర్చున్నాం.

తలుపు బయట దగ్గు వినిపించింది. మగవాళ్ళ వరుసలోని మీసాలాయన.

"ఏం బాబాయ్, చాటుగా వింటున్నావా?" అంది గయ్యాళి.

"చాటుగా ఎందుకు? గేటు దాకా వినిపిస్తోంది," అన్నాడు. "మీరు విశ్రాంతి అడిగితే మాది కూడా పీకేస్తారని మావాళ్ళ భయం."

"మీ పది నిమిషాలు ఎక్కణ్ణించి వస్తున్నాయనుకున్నావ్? మా కళ్ళలోంచే!"

ఆయన తల వంచుకున్నాడు. జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. "పోయినేడు నాకూ చుక్కలు కనిపించాయమ్మా. ఇదే డాక్టరు." కాగితం మీద "కంటి అలసట. మూడు రోజులు సెలవు" అని ఉంది.

అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "నేనూ చుక్కలు కనిపిస్తున్నాయనే చెప్పాను కదే ఆ డాక్టరుకి," అంది. "ఒక్క మాట కూడా మార్చలేదు."

"సోమవారం గంట మోగగానే మనమూ దీపాలార్పుదాం," అంది గయ్యాళి. ఉద్యోగం పోతే అన్నారు కొందరు. పిల్లల ఫీజులన్నారు. అన్నం పెట్టే చోట ఎదురుతిరగడం పాపం కాదా అని నేనే అడిగాను.

"కళ్ళిచ్చినవాణ్ణి అడుగు," అంది అక్క.

సోమవారం గంట మోగింది. ఎవరూ ఆర్పలేదు. మగవాళ్ళు లేచారు, వాళ్ళ సీసాలు మా మీదికి మళ్ళాయి. మా చేతులు వాటంతట అవే తిరుగుతున్నాయి. సూపర్‌వైజరు కాగితం, పెన్ను తెచ్చి అక్క ముందు పెట్టాడు.

"పెట్టమ్మా. నీ మంచికే."

అక్క పెన్ను అందుకుని, దాన్ని కూడా దీపం ముందు తిప్పి చూసింది.

నా దీపం ఆర్పేశాను. చెయ్యి చాచి అక్క దీపమూ ఆర్పాను.

"ఎవరది?"

"నేనే సార్."

"నీకేం పుట్టింది? నెమ్మదస్తురాలివి కదా నువ్వు!"

"నెమ్మదిగానే ఆర్పాను సార్."

"బయటికి నడు! మళ్ళీ ఈ గేటు తొక్కావంటే చూడు."

"వెళ్తాను. పది నిమిషాలయ్యాక."

గయ్యాళి దీపం ఆరింది. దాని పక్కది ఆరింది. టక్కు టక్కుమంటూ రెండు వరుసలూ చీకటయ్యాయి. బెల్టు మీద సీసాలు కుప్పపడి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. తలుపు దాకా వెళ్ళిన మీసాలాయన వెనక్కొచ్చి బెల్టు ఆపేశాడు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. సూపర్‌వైజరు ఒక్కడే గార్డుల కోసం ఫోనులో అరుస్తున్నాడు.

అక్క వేళ్ళ మధ్య నుంచి పెన్ను తీసి పక్కన పెట్టాను. "కళ్ళు మూసుకో అక్కా. నీ పది నిమిషాలు."

"ఇప్పటికి గుర్తొచ్చిందా నీకు?" అంది. కళ్ళు మూసుకుంది.

నేనూ మూసుకున్నాను. చుక్క అక్కడే ఉంది. నాలో ఏం తప్పుందని ఈసారి దేవుణ్ణి అడగలేదు.

వరుస మొదట్లో బూట్ల చప్పుడైంది. దగ్గరికొస్తోంది. పది నిమిషాలు ఇంకా కాలేదు. ఎవరూ కళ్ళు తెరవలేదు.