గోడకు తిరిగిన నవల

నేను ఒక పరీక్ష అట్టను. భీమిలి బజారులో పదో తరగతి పిల్లల కోసం వేలాడదీసిన నన్ను, బట్టతల పడ్డ సూరాడ ఎర్రయ్య మాస్టారు కొన్నారు. ఈ వయసులో ఈయనకేం పరీక్ష అని నవ్వుకున్నాను. ఇరవై రెండేళ్లు ఆయన ఒళ్లోనే బతికాను.

ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. నాలుగు నవలలు రాశారు, ఊళ్లో ఒక్కరూ చదవలేదు. పడవల మీద, పెళ్లివారి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయమని మాత్రం వెంటపడేవారు. మనుషులకు చూడడం తేలిక, చదవడమే బరువు.

ఐదో నవలకి ఆయనకో పిచ్చి పుట్టింది. దళసరి కాగితానికి ఒకవైపు సిరాతో కథ రాసి, ఆరాక తిప్పి, ఆ కథలోని సముద్రాన్ని రెండోవైపు నీటిరంగుల్లో వేసేవారు. భార్య నూకరత్నం చేపలు ఎండబెట్టుకుంటూ అడిగేది.

"నా గురించేటి రాసినావయ్యా అందులో?"

"మొత్తం నువ్వేనే. అయిపోనీ, సదివి ఇనిపిస్తాను."

"ఇనిపించక్కర్లేదు. నాకూ సదువొచ్చు."

అయిపోలేదు. ఒకనాడు పొద్దున్నే, కలానికి మూతైనా పెట్టకుండా ఆయన పక్కకి ఒరిగిపోయారు.

పెద్దకార్యం అయ్యేదాకా నూకరత్నం గది దాటకూడదన్నారు పెద్దలు. ఆ రోజుల్లోనే శిష్యులు వచ్చారు. మంచివాళ్లే, ఏడుస్తూనే వచ్చారు. నా క్లిప్పు ఎత్తి, బొమ్మలున్న అరవై కాగితాలూ పట్టుకెళ్లి, సంతాపసభ కోసం చెక్కలకు జిగురుతో అతికించేశారు. వెనకవైపు రాత చూసి, పాపం పేద మాస్టారు చిత్తుకాగితాల మీద బొమ్మలు వేసుకున్నారనుకున్నారు. నాకు నోరు లేదని అంతగా ఏనాడూ ఏడవలేదు.

పెద్దకార్యం అయ్యాక, సభనాడు ఆవిడ నన్ను చంకన పెట్టుకుని వచ్చి గోడంతా చూసింది.

"బొమ్మలు సరే బాబూ, రాతేదీ?"

వెనకున్నది చిత్తు కాదు, నవలని పెద్ద శిష్యుడికి అప్పటికి గానీ అర్థం కాలేదు. తల దించుకున్నాడు. తడిపి ఊడదీస్తే రంగూ పోతుంది, సిరా కూడా పోతుంది.

ఆవిడే అంది. "ఒగ్గీండి. ఆయన సంద్రమైనా ఉండనీండి."

ఇప్పుడా బొమ్మలు గ్రంథాలయం గోడల మీద ఉన్నాయి. జనం వస్తారు, ఆహా అంటారు, వెళ్లిపోతారు. నేను ఆవిడ దగ్గరే ఉన్నాను. బొమ్మ వేయని ఆఖరి కాగితం ఒక్కటి నా క్లిప్పులో మిగిలిపోయింది. అందులో రత్నం అనే పిల్ల ఒడ్డున నిలబడి నవ్వుతుంది. ఎందుకు నవ్విందో ముందు కాగితాల్లో ఉంది. అవన్నీ నా మీదే రాశారు కనక నాకు తెలుసు.

రోజూ సాయంత్రం ఆవిడ నన్ను ఒళ్లో పెట్టుకుని ఆ కాగితం చదువుతుంది. చదివి, నా మీద చెయ్యి వేసి అడుగుతుంది.

"ఎందుకు నవ్వినానయ్యా?"