బండపెంట తిరుగుడు బల్ల

ట్రాలీకి కూడా మొహమూ వీపూ ఉంటాయని బండపెంటకు వచ్చేదాకా బక్కమ్మకు తెలియదు.

అమ్రాబాద్ గుట్టల అంచున ఉన్న బండపెంట అనే అడవి పల్లె నుంచి, కింద అచ్చంపేట బాట పక్కనున్న కట్టెల డిపో దాకా ఒక కంట్రాక్టరు ఆరుమైళ్ల ఇనుప పట్టాలు వేయించాడు. వాటి మీద ఇంజను నడవదు. నాలుగు చక్రాల ట్రాలీలు నడుస్తాయి. టేకు దుంగలు నింపితే ట్రాలీ వాలు మీద తనంతట తానే దిగిపోతుంది. ఖాళీదాన్ని ఎడ్లు పైకి లాక్కొస్తాయి. తోలేవాడి పీట, బ్రేకు కర్ర, ఎడ్లను కట్టే కొక్కెం, మూడూ ఒకే కొసన ఉంటాయి. దిగినా ఎక్కినా ఆ కొసే ముందుండాలి. కింద డిపోలో జాగా దండిగా ఉంది కాబట్టి పట్టాలనే గుండ్రంగా తిప్పి వదిలారు. కల్లంలో ఎద్దు తిరిగినట్టు ట్రాలీ ఒక చుట్టు తిరిగి మళ్లీ గుట్ట వైపు మొహం పెడుతుంది. పైన బండల మధ్య అంత చోటు లేదు. అక్కడ మోకాలి లోతు గుంత తీసి, నడుమ లావుపాటి ఇనుప మేకు నిలిపి, దాని మీద గుండ్రటి బల్ల కూర్చోబెట్టారు. ట్రాలీని బల్ల మీదికి ఎక్కించి, అటొకరు ఇటొకరు తోపుకర్రలు పట్టి సగం చుట్టు తోస్తే దాని మొహం కిందికి మళ్లుతుంది. తిరగలిలా తిరుగుతుందని పెంటలో అందరూ దాన్ని ఇసుర్రాయి అనేవారు.

ఆ కర్రలు తోసింది మొదట బక్కమ్మ పెనిమిటి బాలస్వామి, అతని అన్న ఎల్లస్వామి. అంతకు ముందు డిపో పక్క ఊళ్లో గొర్రెలు కాసుకు బతికిన కురుమలు. పోయిన ఎండాకాలం నవాబు పక్షపు తుపాకుల దండొకటి వచ్చి కింది డిపోలో పదిరోజులు దిగి, అన్నదమ్ముల మందలు రెండూ కోసుకు తిన్నది. మంద పోయింది, చేతిలో కర్ర మిగిలింది. ఇద్దరూ ఇసుర్రాయి దగ్గర పనికి కుదిరారు. ఆ పని కూడా ఏడాది నిలవలేదు. దండువాళ్లు వయసు మగవాళ్లను పట్టుకుపోతున్నారని ఊళ్లలో పుకారు లేచేసరికి, పందొమ్మిది వందల నలభై ఎనిమిది రోహిణి కార్తెలో అన్నదమ్ములు కొల్లాపూర్ దిక్కున కృష్ణ దాటి, నవాబు ఏలుబడి లేని కర్నూలు జిల్లాకు పోయారు.

పని చేయి జారితే పిల్లలకు జొన్న గటక కూడా పుట్టదు. బక్కమ్మ పొద్దున్నే మేస్త్రి ఖాసిం సాబు దగ్గరికి పోయి, "నా పెనిమిటి జాగల నేను తోస్త," అన్నది. అరవై దాటిన ఖాసిం సాబు బల్ల కీళ్లకు ఆముదం పోస్తూ తల ఎత్తకుండానే నవ్వాడు.

"నీకన్న ముందు ఇంకొకామె వచ్చి గిదే మాట అన్నది బిడ్డా. మంచిదాయె. నాకు ఇద్దరే కావాలె."

ఆ ఇంకొకామె ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. గుంతకు అవతల ఎల్లస్వామి పెండ్లాం లక్ష్మీనర్సమ్మ కొంగు నడుముకు చుట్టుకొని నిలబడి ఉంది.

ఆ తోడికోడళ్లకు మాటలు లేక మూడేళ్లు. అన్నదమ్ములు మంద పంచుకున్నప్పుడు గంట కట్టిన పొట్టేలు పెద్దవాడి వంతుకు పోయింది. గంట చప్పుడుకు అలవాటుపడ్డ గొర్రెలు చిన్నవాడి దొడ్డి దాటి దాని వెంటే పోయేవి. ఒకరోజు మూడు గొర్రెలు తిరిగి రాలేదు. "మా జీవాలను మళ్లించుకున్న దొంగది," అని బక్కమ్మ బజార్లో నలుగురి ముందు అనేసింది. ఆ మాట తర్వాత మాటల్లేవు. మగవాళ్లు కలిసే తిరిగారు, కలిసే తిన్నారు. ఆడవాళ్ల మధ్య మాత్రం గోడ లేచింది.

మొదటి రోజు బల్ల కదలనే లేదు. ఒకరు తోసినప్పుడు ఒకరు ఆగారు. బల్ల ఒక పక్కకు ఒరిగి గుంత అంచుకు పట్టుకున్నది. ఖాసిం సాబు గడపారతో ఎత్తి విడిపించాడు.

"తాకత్ తో పని కాదు బిడ్డా. కాళ్లు కలవాలె. ఇంట్ల ఇసుర్రాయి కాడ ఇద్దరు ఆడోళ్లు కూసుంటే చేతులు కలుస్తయి సూడు, గట్ల."

వాళ్లిద్దరూ ఒక ఇసుర్రాయి ముందు కూర్చోక ఎన్నాళ్లయిందో ఆయనకు తెలియదు. పరిస్థితి కనిపెట్టి తానే ఒడ్డున నిలబడి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. "ఏక్... దో... ఏక్... దో..." ఆ గొంతుకు అడుగు వేస్తే బల్ల మెల్లగా మూలిగి కదిలేది. సగం చుట్టు కాగానే గొళ్లెం టక్కున పడేది. ఖాళీ ట్రాలీ మీదుగా ఒకరి మొహం ఒకరికి కనపడుతుంది కాబట్టి ఇద్దరూ నేల చూసుకుంటూ తోసేవారు. రోజుకు నాలుగు ట్రాలీలు, ఒక్కోసారి అయిదు. వానకాలం సగం అలాగే గడిచింది.

వినాయక చవితి పోయిన వారానికి నవాబు మీదికి వచ్చిన సైన్యం విమానాలు గుట్టల మీదుగా పోయాయి. కింది నుంచి ట్రాలీలు రావడం ఆగింది. పెంటలో ఉన్న కొద్దిమంది కూలీలు ఊళ్ల దారి పట్టారు. సరిగ్గా అదే సమయానికి ఖాసిం సాబుకు చలిజ్వరం పట్టుకున్నది. మూడు రోజులు తడికెల కొట్టంలో వణుకుతూ పడుకున్నాడు. ఆయనకు పెంటలో అయినవాళ్లు ఎవరూ లేరు. కూతురు అచ్చంపేటలో ఉంది. పొద్దున బక్కమ్మ జావ కాచి తెస్తే, సాయంత్రం లక్ష్మీనర్సమ్మ కషాయం తెచ్చేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ట్రాలీ తోలే పెద్దులు ఎడ్లతో ఖాళీ ట్రాలీని లాక్కొచ్చాడు. దిగుతూనే, "అయిపోయింది! పట్నంల నవాబు చేతులెత్తిండట. అచ్చంపేటల జెండాలు ఎగరేసిండ్రు," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "కాని డిపో కాడ జనం గుమిగూడిండ్రు. మేస్త్రి ఏడి, పైన ఉన్నడా అని అడుగుతుండ్రు. వాళ్ల ఊపు మంచిగ లేదు."

"ఈయన ఏం జేసిండని?" అన్నది బక్కమ్మ.

"చేసిందెవరో చెయ్యనిదెవరో ఇప్పుడు ఎవరు సూస్తరమ్మా? అడవిల ఎక్కడన్న దాచిపెడుదామా?"

లక్ష్మీనర్సమ్మ కొట్టంలోకి తొంగి చూసి వచ్చింది. "దాచిపెడితే జరం దాగుతదా? రేపటిదాక ఉండేటట్టు లేడు. దవాఖానకే తీస్కపోవాలె. నువ్వు ట్రాలీ తోలు పెద్దులూ."

"డిపో మీది నుంచే పోవాలె గదా!"

"పోదాం. దొంగతనంగ ఎందుకు పోవాలె?"

పెద్దులు ఎడ్లను విప్పి, ముసలాయనను ఎత్తుకురావడానికి పోయాడు. ట్రాలీ బల్ల మీద ఉంది, మొహం గుట్ట వైపుకే ఉంది. తోడికోడళ్లు చెరొక కర్ర పట్టారు. వారం రోజుల వానకు మేకు తుప్పు పట్టింది. ఒడ్డున లెక్క చెప్పే గొంతు లేదు. ఒకసారి తోశారు, బల్ల జానెడు కదిలి ఒరిగింది. గడపారతో సరిచేసి మళ్లీ తోశారు, మళ్లీ పట్టుకున్నది. కొట్టంలోంచి ఖాసిం సాబు మూలుగు వినపడింది.

మూడేళ్లుగా నోట్లో బిగబట్టుకున్నది ఎక్కడ పోయిందో, బక్కమ్మ తలెత్తి సూటిగా చూసింది.

"అక్కా, కుడికాలు ముందు వెయ్యి. నేను ఒకటి అంటె తొయ్యాలె. రెండు అంటె ఊపిరి."

లక్ష్మీనర్సమ్మ కూడా తలెత్తింది. "చెప్పు," అన్నది.

"ఒకటి!"

బల్ల గట్టిగా మూలిగింది. "రెండు... ఒకటి!" మేకు విడిచింది. ఆరు అడుగులు, ఏడు, ఎనిమిది. గొళ్లెం పడింది. ఇద్దరూ కర్రల మీద వాలిపోయి రొప్పుతున్నారు.

"నీ గొంతు గట్లనే ఉన్నదే, బజారంత వినపడేటట్టు," అన్నది లక్ష్మీనర్సమ్మ. దెప్పిందో మెచ్చుకున్నదో బక్కమ్మకు అర్థం కాలేదు. కాని నవ్వు మాత్రం వచ్చింది.

ఖాసిం సాబును దుంగల చోట గడ్డి పరిచి పడుకోబెట్టి పైన గొంగడి కప్పారు. చెరో పక్కన కూర్చున్నారు. పెద్దులు బ్రేకు వదులుతూ బిగిస్తూ నెమ్మదిగా దింపాడు. తడిసిన అడవి రెండు పక్కలా వెనక్కి పోతుంటే బక్కమ్మ డిపో గురించే ఆలోచించింది. అంతమంది మగవాళ్ల ముందు తానేం మాట్లాడగలనా అని.

డిపోలో పాతికమంది దాకా ఉన్నారు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. అందరికంటే ముందు డిపో మున్షీ భిక్షం, చొక్కాకు కొత్త గుడ్డ జెండా గుచ్చుకొని నిలబడ్డాడు.

"గొంగడి కింద మేస్త్రేనా? దింపుండ్రి. దండు దిగినప్పుడు వీడు గూడ వాళ్ల మనిషే."

లక్ష్మీనర్సమ్మ ట్రాలీ మీదనే లేచి నిలబడింది. "దండు దిగిన పదిరోజులు మేస్త్రి పైన బండపెంటలనే ఉన్నడు. మా పెనిమిట్లు నెత్తి కొట్టుకుంట వస్తె అన్నం పెట్టి పని చూపిచ్చిండు. మా మందలను దొడ్డి కాడికి పోయి చూపిచ్చిందెవరో, వాళ్ల పక్కన విస్తరేసుకొని తిన్నదెవరో నేను కండ్లార చూసిన. పేరు చెప్పాల్నా, భిక్షం?"

బక్కమ్మ ఆశ్చర్యంగా ఆమె వైపు చూసింది. తమ మందలను దండుకు చూపించిందెవరో ఆమెకు ఇన్నాళ్లూ తెలుసు. తెలిసినా చెప్పడానికి మాటల్లేవు. బక్కమ్మ కూడా లేచి పక్కన నిలబడింది.

"రెండు మందల ఉసురు మాది," అన్నది. "కోపం రావాల్నంటె మొదలు మాకు రావాలె. మాకు లేని కోపం మీకెందుకు?"

గుంపులోంచి ఒక ముసలి రైతు ముందుకొచ్చి గొంగడి ఎత్తి, ఖాసిం సాబు నుదుటి మీద చెయ్యి పెట్టాడు. "పేలిపోతున్నడు. తప్పుకోండ్రి, బండి కట్టుండ్రి," అన్నాడు. కర్రలు కిందికి దిగాయి. భిక్షం ఎటు పోయాడో ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు.

అచ్చంపేట దవాఖానలో కునైన్ మందు పడ్డాక రెండో రోజుకు ఆయనకు తెలివి వచ్చింది. కళ్లు తెరవగానే, "బల్ల ఎట్ల తిప్పిండ్రు? నేను లేను గదా?" అన్నాడు. కూతురు చేతిలో ఆయనను పెట్టి, తోడికోడళ్లు కాలినడకన గుట్ట ఎక్కారు.

సగం దారిలో వాగు దగ్గర కాళ్లు కడుక్కుంటూ లక్ష్మీనర్సమ్మ తనే మొదలుపెట్టింది. "ఆ మూడు గొర్రెలు వాటంతట అవే వచ్చినయి. నేను తోల్కరాలే. కాని మళ్ల తోలియ్యను గూడ లే. నువ్వు అడిగితె ఇద్దామని కూసున్న."

"నేను అడగలే. తిట్టిన," అన్నది బక్కమ్మ.

గట్టు మీది సీతాఫలాలు కన్ను విచ్చుతున్నాయి. కొంగు నిండా కోసుకున్నారు. పొట్టులో మాగేస్తే మూడు రోజులకు పండుతాయని ఒకరు, అయిదు పడుతుందని ఒకరు పెంట దాకా వాదించుకున్నారు.

దీపావళి దాటాక అన్నదమ్ములు తిరిగివచ్చారు. అప్పటికి కొత్త కంట్రాక్టరు వచ్చి పని మళ్లీ మొదలైంది. ఖాసిం సాబు సగం మనిషై బల్ల దగ్గర చేరాడు. బాలస్వామి మామూలుగా వచ్చి తోపుకర్ర మీద చెయ్యి వేశాడు.

"అది ఆడోళ్ల పని. దుంగలెత్తు పో," అన్నాడు మేస్త్రి.

బాలస్వామి పెండ్లాం వైపు చూశాడు. ఆమె తోడికోడలితో ఏదో మాట్లాడుతూ అతన్ని గమనించనే లేదు. అతను గొణుక్కుంటూ దుంగల వైపు నడిచాడు.