పదకొండు పేజీల్లో అమ్మ

దోసె తిరగేసి, సాయిలక్ష్మి మోచేతి మొనతో ట్యాబును నొక్కింది. చేతులకు పిండి ఉంది మరి. బియ్యం డబ్బాకు ఆనించిన ఆ ట్యాబులో కోడి లేచి గట్టిగా కూసింది.

"పొద్దున్నే ఆ గోలేంది?" హాల్లోంచి పెంచలప్రసాద్ అడిగాడు. "హెడ్మాస్టరే ఫారం నింపి ఇచ్చినాడన్నావు గదా. సంతకం పెట్టి పారేయరాదా. దోసె మాడతా ఉంది చూడు."

దోసె మాడలేదు. పదిహేడేళ్లుగా ఆయనకు మాడిన వాసన ముందే వచ్చేస్తుంది.

విడవలూరు మండలంలో ఒకటో తరగతి పిల్లల కోసం కథల యాప్ ఒకటి తీసుకోబోతున్నారు. అది కథ చదువుతుంటే అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. బొమ్మను తాకితే బొమ్మ కదులుతుంది, మాట్లాడుతుంది. తీసుకునే ముందు ఒక టీచరు తన తరగతిలో వాడి చూసి, ఎలా ఉందో రాసివ్వాలి. కథలు బాగా చెబుతుందని పేరున్నందుకు ఆ పని సాయిలక్ష్మికి వచ్చింది. ఆమె సరేనంటే మండలంలో ప్రతి ఒకటో తరగతికీ అదే వెళ్తుంది. అయితే హెడ్మాస్టరు హజరత్తయ్య గారు, ట్యాబు పెట్టె విప్పకముందే, ఫారంలోని పన్నెండు గళ్లలోనూ గుండ్రటి దస్తూరీతో 'చాలా బాగుంది' అని రాసేశారు. ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు. తనిఖీకి ముందే తనిఖీ నివేదిక రాసిపెట్టుకోవడం ఆ బడిలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. సాయిలక్ష్మి కూడా అలాంటివాటి మీద ఎన్నో సంతకాలు పెట్టింది.

ఆమె దోసె తీసుకెళ్లి భర్త ముందు పెట్టింది. చట్నీ చూసి పెంచలప్రసాద్ నిట్టూర్చాడు. "అమ్మ ఉన్నప్పుడు ఇల్లు దానంతట అదే జరిగిపోయేది."

అత్త చెంచమ్మ పోయి మూడు నెలలైంది. ఈ మాట ఆయన అనడం ఎన్నోసారో సాయిలక్ష్మికి తెలియదు. కొడుకుగా ఆయన దుఃఖం అదే కావచ్చు. కానీ ఆమె దుఃఖానికి ఆ మాటలో చోటు లేదు. తను బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, "మే సాయీ, ఈ పొద్దు పిలకాయలకు ఏం కథ జెప్పినావు?" అని అడిగేది చెంచమ్మే. చేపలు తోముతూ మొత్తం వినేది. "నక్కకు ఆకలేసిందని ముందే జెప్పాల. లేకుంటే పిలకాయలు దాన్ని దొంగనుకుంటారు" అని దిద్దేది. సంతకం పెట్టడం కూడా రాని ఆ మనిషే సాయిలక్ష్మికి కథ చెప్పడం నేర్పింది. పోవడానికి నాలుగు రోజుల ముందు గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకుంటూ, "నీకొకటి జెప్పాలమే" అంది. సాయిలక్ష్మి పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలెత్తకుండానే, "ఉండత్తా, ఈ కట్ట అయిపోనీ" అంది. కట్ట అయిపోయింది. అడగడం మరిచిపోయింది. అత్త మళ్లీ చెప్పలేదు.

బడిలో ఇరవైరెండు మంది పిల్లలు ట్యాబు చుట్టూ మూగారు. చిన్ను అనే పిల్లాడి ఇంటి కథ అది. కుక్కను తాకితే మొరిగింది. నాన్నను తాకితే పేపరు మడిచి, "శభాష్ చిన్నూ!" అన్నాడు. తాతను తాకితే తుమ్మాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. గొంతు స్పష్టంగా ఉంది, అక్షరాలు చక్కగా ఉన్నాయి. అక్షరం వెలిగినప్పుడల్లా వెనక వరసలో కూర్చునే మొద్దబ్బాయిలు కూడా గొంతు కలిపారు. బాగుందనే అనుకుంది సాయిలక్ష్మి.

అప్పుడు అబిగయీలు అనే పిల్ల పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మను తాకింది. ఒకసారి కాదు. వేలు గౌనుకు తుడుచుకుని మళ్లీ తాకింది.

"టీచర్, అమ్మ పలకడంలా."

"గట్టిగా నొక్కుమే!" పక్క పిల్ల అంది. అది నొక్కింది. తర్వాత అందరూ వరసగా నొక్కారు. ఒకడు రెండు బొటనవేళ్లతో నొక్కాడు. అమ్మ చెయ్యి గరిటెను తిప్పుతూనే ఉంది. తల ఎత్తలేదు.

"కుక్క గూడా పలికింది గదా టీచర్," అబిగయీలు నిజంగానే ఆశ్చర్యపోయింది. దాని తల్లి తెల్లవారకముందే రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కుతుంది. బిడ్డ లేచేసరికి ఇంట్లో ఉండదు. "ఇంకో పేజీలో పలుకుద్దేమో, తిప్పండి."

సాయిలక్ష్మి తిప్పింది. పదకొండు పేజీల్లో అమ్మ ఉంది. వడ్డిస్తూ, ఊడుస్తూ, చిన్ను బొత్తాలు పెడుతూ. పదకొండు పేజీల్లోనూ పిల్లలు తాకారు. పొయ్యి, చీపురు, ఇంటి గోడ ఎలాగో అమ్మా అలాగే.

మధ్యాహ్నం హజరత్తయ్య గారి గదికి వెళ్లి ఆమె ఖాళీ ఫారం అడిగింది.

"ఖాళీది ఎందుకమ్మా? నింపిందే ఉండాదిగా!"

"అమ్మ పలకదు సార్ అందులో."

ఆయన కళ్లద్దాలు పైకి తోసి చూశారు. "అంతేనా? పిలకాయలు రెండ్రోజుల్లో మర్చిపోతారులే. అంత చిన్నదానికి పైవాళ్లతో మనకెందుకు? అత్తగారు పొయినప్పట్నించీ నీ మనసు బాగలేదు. నాకు తెలుసు."

"బాగలేదు సార్. కానీ ఇరవైరెండు మంది తాకినారు. వాళ్లందరి అత్తలూ పోలేదు గదా."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. సొరుగు లాగి ఖాళీ ఫారం తీశారు. "నువ్వే రాసుకో తల్లీ. అడిగితే నువ్వే చెప్పుకో."

"చెప్పుకుంటాను సార్."

సాయంత్రం అల్లూరు వైపున్న తన రొయ్యల గుంటల నుంచి పెంచలప్రసాద్ వచ్చేసరికి, ఆమె హాల్లో బల్ల ముందు కూర్చుని రాస్తోంది. గొంతు బాగుంది, అక్షరాలు బాగున్నాయి. ఆ రెండు గళ్లూ నిజాయితీగా నింపింది. కింద ఇలా రాసింది: 'అమ్మ పదకొండు పేజీల్లో ఉంది. ఎక్కడా పలకదు. మా పిల్లలు ఒక్కరు కూడా మిగలకుండా ఆమెను పిలిచి చూశారు. ఆమె పలికేలా చేసేదాకా దీన్ని పిల్లలకు ఇవ్వడానికి ఒప్పుకోను.'

"ఇంకా పొయ్యి వెలిగించలా?" పెంచలప్రసాద్ తువ్వాలు భుజాన వేసుకుంటూ అన్నాడు. "అమ్మ ఉన్నప్పుడు ఇల్లు దానంతట..."

"జరగలేదండీ. అత్త జరిపింది."

ఆయన ఆగాడు. ఆమె ట్యాబును ఆయన వైపు జరిపింది. "ఆ పొయ్యి దగ్గరుండే ఆమెను ఒకసారి తాకండి."

తాకాడు. ఏమీ కాలేదు. "చెడిపోయిందా?"

"లేదు. అట్టానే చేసినారు."

ఆయన కూర్చుని మళ్లీ తాకాడు. పేజీ తిప్పి తాకాడు. ఇంకో పేజీ తిప్పాడు. చెంచమ్మ కొడుకు ఎన్ని పేజీలు తిప్పాడో ఆమె లెక్కపెట్టలేదు. ఫారం చివర తన పేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాసి, కింద గీత గీసింది. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, నక్కకు ఆకలేసిన కథను అత్త దిద్దిన తీరులో మొదటినుంచీ రాయసాగింది. అత్త చెప్పాలనుకుని చెప్పకుండా పోయిన మాట ఎలాగూ దొరకదు. చెప్పినవైనా పోకూడదు.

చాలాసేపటికి పెంచలప్రసాద్ లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "సాయీ, బియ్యం ఎన్ని గ్లాసులు పోసేది మీ అత్త?"

"రెండు," తలెత్తి, ఆయన్ను చూసి చెప్పింది. మళ్లీ కాగితం మీదికి వంగింది.

ఆ పూట అన్నం దానంతట అదే కాలేదు.