మేనమామ పోలిక

చిన్నాడి సీసాలో ఉన్నది ఆడపిల్ల ఉమ్మి అని ఆసుపత్రి పరిశోధన విభాగం నుంచి ఫోను వచ్చేసరికి వాడి తల్లి తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో ఒక పెద్దాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తోంది. "ఆడపిల్లదేంటండీ, మా వాడు మగపిల్లాడు" అంది. "అందుకే ఫోను చేశామమ్మా" అంది అవతలి గొంతు. పెద్దాయన జోడు తీసి ఆమె మొహంలోకి చూశాడు.

చిన్నాడికి తొమ్మిదేళ్లు. గోడలోంచి ఎవరో తనని తిడుతున్నారని ఏడాదిగా అంటున్నాడు. మొదట్లో ఆట అనుకున్నారు. బడికి వెళ్లనని మంచం కింద దూరినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. సైకోసిస్, అంటే లేని గొంతులు ఉన్నట్టే వినిపించే జబ్బు, అన్నారు డాక్టర్లు. ఇంత చిన్న వయసులో రావడం చాలా అరుదట. అలాంటి పిల్లల జన్యువుల్ని తల్లిదండ్రుల జన్యువులతో పోల్చి చూసే పరిశోధన ఒకటి నడుస్తోందని, ఇష్టమైతే చేరమని చెప్పారు.

ఆమె వెంటనే చేరింది. దానికి కారణం అత్తగారు. జబ్బు పేరు విన్న రోజునే ఆవిడ, "మా వైపు ఏడు తరాల్లో ఇలాంటిది ఎరగం. మేనమామ పోలిక అంటే ముక్కూ మొహమే అనుకున్నాం గానీ..." అని ఆపేసింది. ఆవిడ మాట సగంలో ఆపితేనే ఎక్కువ తగులుతుంది. ఆమె తమ్ముడికి పందొమ్మిదో ఏట ఇదే జబ్బు వచ్చింది. ఇప్పుడు ఊరికి అవతలి చివర, అలాంటివాళ్లు ఉండే హాస్టల్లో ఉంటున్నాడు. చిన్నాడికి బాగోలేనప్పటి నుంచి ఆమె అటు వెళ్లడం మానేసింది. జన్యువులు చదివే యంత్రానికి అత్తగారూ తెలియదు, తమ్ముడూ తెలియదు, ఉన్నది ఉన్నట్టు తేలుస్తుంది, నా వైపు నుంచి కాదని తేలితే చాలు అనుకుంది. మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే, "మా వైపు ఎవరూ లేరండీ" అంది.

మూడు సీసాలు ఇంటికిచ్చారు. పొద్దున్నే ఏమీ తినకముందు గీత దాకా ఉమ్మాలి. తండ్రీ తల్లీ ఉమ్మారు. చిన్నాడు మాత్రం నోరు బిగించుకు కూర్చున్నాడు. "నా ఉమ్మి ఇస్తే వాళ్లకి నేను దొరికిపోతాను" అన్నాడు. ఆమె దుకాణానికి ఆలస్యమవుతోందని సీసా కూతురు, పెద్దదాని చేతికిచ్చింది. "నీ మాటైతే వింటాడే" అంది. కాసేపటికి పెద్దది నిండిన సీసా తెచ్చి ఇచ్చింది. దానికి పదమూడేళ్లు. తమ్ముడు వదిలేసిన పాలు తాగడం, వాడి లెక్కలు చేసి పెట్టడం దానికి అలవాటే. అందుకే ఎవరూ ఏమీ అడగలేదు.

ఫోను వచ్చిన మర్నాడు తల్లీ కూతుళ్లు డాక్టరు గదిలో కూర్చున్నారు.

"సీసాలు తారుమారయ్యాయా?" అన్నాడు డాక్టరు.

"లేదండీ. నేనే ఉమ్మాను" అంది పెద్దది.

"ఏమే, వాడు ఉమ్మకపోతే నాతో చెప్పాలి గానీ! ఇదేమైనా పాలగ్లాసా?"

"వాడు ఉమ్మలేదని కాదమ్మా." పెద్దది డాక్టరు వైపు తిరిగింది. "నా దాంట్లో ఏం కనపడింది? నాకూ వస్తుందా?"

"నీకెందుకు వస్తుందనుకున్నావు?"

"నేను మామయ్య పోలిక కదా. ముక్కు, జుట్టు, ఎడమచేతి వాటం, అన్నీ ఆయనవే అంటారు. తమ్ముడికి ఏ పోలికా లేదు, అయినా వాడికొచ్చింది. మరి నాకు?"

"ఏ మామయ్య?" అన్నాడు డాక్టరు.

ఆమె చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. "నా తమ్ముడండీ" అంది చివరికి.

డాక్టరు ఫైలులోంచి వాళ్ల కుటుంబం బొమ్మ తీసి, ఆమె గుర్తు పక్కన ఒక చిన్న చదరం గీసి, జబ్బున్నవాళ్లకి పెట్టే గుర్తుగా నల్లగా నింపాడు. తర్వాత పెద్దదానితో మాట్లాడాడు.

"నీ సీసాలో నువ్వు ఆడపిల్లవని తప్ప మేం ఇంకేమీ చూడలేదు. అది పారేస్తాం. జబ్బు లేని పిల్లల్ని ఇందులో పరీక్షించం. పరీక్షించినా నీ ప్రశ్నకి జవాబు రాదు. ఈ జబ్బుకి ఒక్క జన్యువంటూ లేదు. చాలామందిలో చిన్న చిన్న తేడాలు వందలకొద్దీ ఉంటాయి, అవి అమ్మ వైపు నుంచీ వస్తాయి, నాన్న వైపు నుంచీ వస్తాయి. కొందరు పిల్లల్లో అమ్మలోనూ నాన్నలోనూ లేనిది కొత్తగా పుడుతుంది. ముక్కు వచ్చింది కాబట్టి ఇదీ వస్తుందని ఎక్కడా లేదు."

"అంటే రాదా?"

"రాదని నేను చెప్పలేను. ఎక్కువమందికి రాదు. నిద్ర పట్టకపోయినా, ఏదైనా వినిపించినా, దాచకుండా వచ్చి చెప్పు. అది మాత్రం చెయ్యి."

పెద్దది ఆలోచించి తలూపింది. డాక్టరు ఆమెతో, "మీ తమ్ముడు ఒప్పుకుంటే ఆయనది కూడా తీసుకుంటాం. ఆయన ఇష్టమే సుమండీ. బాబుది కూడా అంతే, వాడికి భయం తగ్గాక అడుగుదాం" అన్నాడు.

ఇంటికి రాగానే అత్తగారు ఎదురొచ్చింది. "ఏం తేల్చారు? ఎవరి వైపు?"

"ఏమీ తేల్చలేదు అత్తయ్యా. రేపు పిల్లని తీసుకుని మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాను."

"పిల్లని అక్కడికెందుకు?"

"అది తన మొహం ఎవరిదో చూసుకోవద్దూ?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. అతను చిన్నాడి బూట్లకి పాలిష్ పెడుతూ, "వెళ్లిరండి. వీణ్ణి నేను చూసుకుంటాను" అన్నాడు.

హాస్టల్ వెనక గదిలో తమ్ముడు ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాడు. లావయ్యాడు. మాత్రల వల్ల వేళ్లు కొంచెం వణుకుతున్నాయి.

"దారి తప్పావా అక్కా?" అన్నాడు. ఆమె వెనక నిలబడ్డ పెద్దదాన్ని చూసి, "ఓసినీ! నా ముక్కు నీ దగ్గరుందా? ఎన్నాళ్ల నుంచి వెతుకుతున్నానే!" అన్నాడు.

పెద్దది ముక్కు మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. నవ్వాక అడిగేసింది. "మామయ్యా, నీకు ఇంకా వినిపిస్తాయా?"

"ఆఁ. పక్కగదిలో రేడియో కట్టెయ్యడం మర్చిపోయినట్టు. మాత్రలు వేసుకుంటే తగ్గుతాయి. పనిలో ఉంటే ఇంకా తగ్గుతాయి."

"భయం వెయ్యదా?"

"మొదట్లో చచ్చేంత భయం. ఇప్పుడు విసుగు. ఆ చివర పట్టుకో."

పెద్దది దుప్పటి చివర పట్టుకుంది. ఇద్దరూ ఎడమచేత్తోనే మొదలుపెట్టారు. మడతపెడుతుండగానే ఆమె చిన్నాడి సంగతీ, పరిశోధన సంగతీ చెప్పింది. డాక్టరు దగ్గర తమ్ముడి జబ్బు సంగతి దాచానని కూడా చెప్పింది. తమ్ముడు చేతిలోని మూల సరిచేసుకుంటూ విన్నాడు.

"ఇన్నాళ్లకి వచ్చి అడుగుతున్నది ఉమ్మా!" అన్నాడు. దుప్పటి బిగించి లాగి, "నా వైపు నుంచే వచ్చిందని తేలితే?" అన్నాడు.

"నీ వైపు వేరే, నా వైపు వేరేనా? తేలితే తేలనీ."

"సరే, ఆ డాక్టర్ని రమ్మను. చిన్నాణ్ణి కూడా తీసుకురా. గోడలోవాళ్లు ఏమంటున్నారో వాణ్ణే అడుగుతాను. నన్ను తిట్టేవాళ్లేనేమో." మేనకోడలి వైపు చూశాడు. "నీ మూల తిరగబడిందే. మళ్లీ మొదటి నుంచి."

పెద్దది దుప్పటి దులిపింది. ఆమె సంచి కుర్చీలో పెట్టి, గుట్టలోంచి ఇంకో దుప్పటి తీసుకుంది.