పాట ఒకరిది, పెదాలు ఒకరివి

దేవేందర్‌ను మా గ్రూపు లీడరుగా ఎవరూ ఎన్నుకోలేదు. కోరుట్లలో వాళ్ల బావకు పెళ్లి వీడియోలు తీసే దుకాణం ఉంది, ఆ దుకాణంలో ఒక డ్రోను ఉంది, దాన్ని కరెంటు తీగకు తగలకుండా కిందికి దించడం ఇతనికి వచ్చు. అర్హత అంతే. జగిత్యాలలో మా డిగ్రీ కాలేజీలో జర్నలిజం చివరి ఏడాది పిల్లలను ప్రాజెక్టు కింద ఒక మ్యూజిక్ వీడియో తీసుకురమ్మన్నారు మహేశ్ సార్. ఆయన మాట పూర్తికాకముందే దేవేందర్ లేచి నిలబడి "డైరెక్షన్ నేనే సార్" అన్నాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు డీపీలో అతని ఫొటో వెలిసింది. నల్లకళ్లద్దాలు, భుజాన ఖాళీ కెమెరా సంచి.

గ్రూపులో ఐదుగురం. ఈ మహానుభావుడు ఒకడు. కెమెరా పట్టే ప్రేమ్‌కుమార్ రాయికల్ వాడు, ఎవరేం చెప్పినా తలూపుతాడు. లావణ్య జగిత్యాలలో బట్టల షాపు వాళ్ల అమ్మాయి. అనూష, నేను సిరిసిల్ల వాళ్లం, చిన్నప్పుడు ఒకే వాడ, ఇప్పుడు ఒకే హాస్టలు గది. నా పని ఎడిటింగు. అంటే నలుగురు చేసిన గలీజును కూర్చుని కడిగే పని.

పాట మాత్రం అనూషది. రాసింది తను, బాణీ కట్టింది తను, పాడింది తను. వాళ్లమ్మ పోచవ్వ మీద కట్టింది, మా దిక్కు అమ్మంటే అవ్వే.

పడుగు నీదే అవ్వ, పేక నేనైతి
పోగు తెగిన కాడ ముడి నీవైతివి

హాస్టల్లో మొదటిసారి ఈ రెండు ముక్కలు పాడినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పాలంటే పోచవ్వ సంగతి చెప్పాలి. ఆమె సాంచాల కార్ఖానాలో నూలు కండెలు చుడుతుంది. సాంచా అంటే కరెంటు మగ్గం. మా ఊళ్లో మరమగ్గం అనే మాట పేపర్లలో తప్ప ఎవరి నోటా రాదు. షెడ్డులో సాంచాలన్నీ ఒకేసారి కొడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మావాళ్లు అరవరు. గొంతు తీయకుండా పెదాలు కదుపుతారు. ఈ మూల మనిషి పెదాలు కదిపితే ఆ మూల మనిషి అర్థం చేసుకుని నవ్వుతాడు. అత్తాకోడళ్ల పంచాయితీలు, పెళ్లి సంబంధాలు, అన్నీ అట్లాగే నడుస్తాయి. మా వాడ పిల్లలకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. పోచవ్వకైతే ఇప్పుడు ఇది తప్ప వేరే దారి లేదు. ఆ చప్పుడులో ఏళ్లకేళ్లు కూర్చుని రెండు చెవులూ పోగొట్టుకుంది. చెవికి మిషను పెట్టించి చూశారు, లాభం లేకపోయింది.

అంటే బిడ్డ పాడుతుంటే ఆమెకు వినపడదు. బిడ్డ మొహం చూడాలి. అదే ఆమెకు వినడం. ఇంట్లోనే కూర్చోబెట్టి పాడి చూపించొచ్చు కదా అంటే అనూషకు సిగ్గు. పెద్ద తెర మీద ఒకేసారి చూపిస్తానని అమ్మకు మాటిచ్చేసింది.

కాలేజీ క్యాంటీన్లో దేవేందర్ ప్లాను చెప్పాడు. వాయిస్ అనూషది, ఫేస్ లావణ్యది.

"అనూషా, ఏమనుకోకు. నీ వాయిస్ సూపర్. కని కెమెరాకు జర కలర్ గావాలె. యూట్యూబుల ఫేసే నడుస్తది."

ఏమనుకోకూడదట. నల్లగా ఉన్నావని నలుగురిలో చెప్పి, పైగా ఏమీ అనుకోవద్దని ఆజ్ఞ. అనూష టీ గ్లాసు వంక చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాళ్లమ్మకు చెవులు ఇనరావు. పిల్ల మొఖం కనవడకుంటె ఆమెకు పాటే లేనట్టు. గా ముచ్చట నీకు ఎరుకేనా?" అన్నాను.

"సబ్‌టైటిల్స్ ఏస్తం తియ్."

"ఆమెకు సదువు రాదు."

దేవేందర్ దీర్ఘంగా ఆలోచించాడు. ఆలోచించేటప్పుడు గడ్డం నిమురుకుంటాడు, అక్కడ గడ్డమైతే లేదు. "సరే, లాస్ట్‌ల ఒక షాట్. అనూష క్లోజప్, రెండు లైన్లు. ఓకేనా?" అన్నాడు. ముష్టి వేసినట్టే వేశాడు. అయినా అనూష మొహం వెలిగింది. ఆ రాత్రే వాళ్ల తమ్ముడికి వీడియో కాల్ చేసి, అమ్మకు పెదాలు కనిపించేలా ఫోను దగ్గర పెట్టుకుని చెప్పింది. "అవ్వా, ఆఖర్ల నేనస్త. జూడు."

షూటింగు సిరిసిల్లలో, లక్ష్మీరాజం కాక కార్ఖానాలో. ఆయన ఆసామి, అంటే ఆ సాంచాలు ఆయనవి. పోచవ్వ పనిచేసేది అక్కడే. పిల్లల చదువు పని కదా అని రూపాయి అడగకుండా ఒప్పుకున్నాడు. దేవేందర్ అక్కడికి వస్తూనే చేసిన మొదటి ఘనకార్యం పోచవ్వను ఇంటికి పంపడం. ఆమె కూర్చునే చోట లావణ్య కూర్చోవాలి మరి. అమ్మ మీద పాట, ఆ పాటకు అడ్డం అమ్మే.

లావణ్య జరీ చీర, మల్లెపూలు, చేతినిండా గాజులతో దిగింది. ఆ వేషంతో కండెలు చుడితే చుట్టేది కండె కాదు, కొంగు. తర్వాత దేవేందర్ డ్రోను బయటికి తీశాడు, షెడ్డులో సాంచాల మీదుగా ఎగరేస్తానన్నాడు. లక్ష్మీరాజం కాక దాన్ని లాక్కుని, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇక పాట. స్పీకరు తెచ్చి సాంచాల మధ్య పెట్టారు. సాంచాలు కొడుతున్నాయి, స్పీకరు పాడుతోంది, ఒక్క ముక్క వినపడదు. లావణ్య నోరు తెరుచుకుని నిలబడింది. "కాకా, జర బంద్ వెట్టుండ్రి" అన్నాడు దేవేందర్. కాక బంద్ పెట్టించాడు. ఇప్పుడు పాట వినపడుతోంది కానీ కెమెరాలో చూస్తే ఆగిపోయిన సాంచాలు. ప్రేమ్‌కుమార్ నిజం చెప్పిన సందర్భాలు తక్కువ, ఇది ఒకటి. "మూతవడ్డ రైసుమిల్లు లెక్క కొడ్తాంది అన్నా" అన్నాడు. మళ్లీ నడిపించారు. మళ్లీ వినపడదు. పని చెడిపోతున్న కార్మికులు మొహమొహాలు చూసుకున్నారు.

చివరికి దేవేందర్ బుర్రలోంచి ఉపాయం ఊడిపడింది. లావణ్యను బయటికి పిలిచి చెప్పాడు. "పాట ఇనవడకపోతె ఏమైతది? పెదాలు ఆడియ్, సాలు. ఒకటి, రెండు, మూడు అనుకుంట ఒకట్లు సదువు. ఎడిటింగుల హేమలత సూస్కుంటది." హేమలతను నేనే.

ఆఖరున అనూష షాటు తీశారు. కాటుక కూడా పెట్టుకోలేదు, అమ్మ కూర్చునే పీట పక్కన నిలబడి పాడింది. ఆ చప్పుడులో స్పీకరుతో తనకు అవసరం పడలేదు. పాట తనలోనే ఉంది.

జగిత్యాల వచ్చాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫైళ్లన్నీ తెరిచాను. కార్ఖానాకు రాకముందు మానేరు వాగు మీద తీసిన డ్రోను షాట్లు లెక్కలేనన్ని. కళ్లద్దాలు పెట్టుకుని దేవేందర్ నడిచొచ్చే స్లోమోషన్లు అంతకు రెండింతలు. అనూష షాటు లేదు. ప్రేమ్‌కుమార్‌ను నిలదీశాను.

"దేవేందరే ఊకె కెమెరా తిప్పుమన్నడు. రికార్డు వెట్టలే" అన్నాడు నేల చూస్తూ.

దేవేందర్‌ను అడిగితే "మెమరీ నిండింది, ఏం జేద్దాం?" అన్నాడు. అతను నడిచి రావడానికి నిండని మెమరీ ఆ పిల్ల రెండు లైన్లకు నిండింది.

లావణ్య షాట్లు చూస్తే ఇంకో కథ. మొదటి చరణం అంతా నిజంగానే ఒకట్లు చదివింది. రెండో చరణానికి విసుగొచ్చినట్టుంది, నోటికొచ్చింది మాట్లాడింది. చప్పుడులో ఎవరికి వినపడుతుందిలే అనుకుంది. కళ్లలో గ్లిసరిన్ కన్నీళ్లు, పెదాల మీద ఈ మాటలు. "ఏం గబ్బు కొడ్తాంది. వీళ్లెట్ల ఉంటరో గీండ్ల. నాకైతె వాంతికస్తాంది."

ఇది కూడా దేవేందర్‌కు చెప్పాను. పెదాలు ఏమంటున్నాయో విడమరిచి చెప్పాను.

"ఎవలు సూస్తరే పెదాలు? అందరు మొఖం సూస్తరు. ఏడ్సే షాటు మస్తుంది, తియ్యకు."

"అయితె సిరిసిల్లల సూపెట్టకు."

"ఫ్లెక్సీ కొట్టిచ్చిన. లొకేషన్‌లనే ప్రీమియర్. మహేశ్ సార్‌కు చెప్పిన, హాలు గూడ మాట్లాడిన."

చెబితే విననివాణ్ణి చెడంగ చూడాలంటారు. ఆ గబ్బు ముక్కను కత్తిరించడం నాకు చిటికెలో పని. కత్తిరించలేదు. మావాళ్లు చూడాలనే ఉంచాను, ఇప్పటికీ నాకు దాని మీద బాధ లేదు. బాధంతా అనూష గురించే. షాటు లేదని చెప్పినప్పుడు తను ఏడవలేదు, మంచం మీద కూర్చుండిపోయింది.

"అమ్మకు ఇప్పుడే చెప్పరాదే" అన్నాను.

"పెట్టెలకెల్లి కొత్తచీర తీసి పెట్టుకున్నదట. ఎట్ల జెప్పుదు?"

సాంచాలకు సెలవు రోజు మధ్యాహ్నం, సిరిసిల్లలో కుల సంఘం హాలు. గుమ్మం ముందు ఫ్లెక్సీలో దేవేందర్ నిలువెత్తున నిలబడ్డాడు. లోపల కార్ఖానా జనం, వాళ్ల ఇళ్ల జనం, కూర్చోను చోటు లేదు. ముందు వరసలో ఓ పక్క మహేశ్ సార్, కాలేజీ వాళ్లు. ఇంకో పక్క చివరన పోచవ్వ, మడతల గుర్తులు పోని కొత్తచీరలో.

మానేరు కనిపించగానే చప్పట్లు కొట్టారు. లావణ్య కనిపించింది. అనూష గొంతు హాలంతా పరుచుకుంది. కాసేపటికి వెనక నుంచి కిసుక్కుమన్నారు. ఒక పిల్లగాడు పైకే అన్నాడు, "ఏడు!" ఇంకో నలుగురు అందుకున్నారు. "ఎనిమిది! తొమ్మిది!" హాలు గొల్లుమంది. దేవేందర్ జనాన్ని పాట పట్టేసిందనుకుని, లేచి నిలబడి చెయ్యి ఊపాడు.

రెండో చరణం వచ్చింది. గ్లిసరిన్ కారింది. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. నా పక్కన ముసలామె కొంగు ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకుంది. అది చూశాక నాకు దేవేందర్ గొంతు పిసకాలనిపించింది. అతనేమో రెండో పక్క నుంచి నా వైపు వంగి గుసగుసలాడాడు. "సూసినవా? ఎమోషన్ వర్కవుటయింది."

వీడియో దేవేందర్ నడకతో అయిపోయింది. లైట్లు వేశారు. పోచవ్వ అప్పటికీ తెర వంకే చూస్తోంది. తర్వాత లేచి బిడ్డ కోసం వెతుక్కుంది. చెవులు పోయినవాళ్ల గొంతు ఎంత పెద్దగా వస్తుందో వాళ్లకు తెలియదు.

"అనూషా! అయిపోయిందా? నువ్వు రాకపోతివి బిడ్డా?"

ఖాళీ తెర వైపు చెయ్యి చూపించింది.

"నీ పాటల గా పిల్ల ఒకట్లెందుకు సదివింది? మనం గబ్బు గొడ్తమా?"

మహేశ్ సార్ అయోమయంగా అటూ ఇటూ చూసి, "ఏమైందండీ?" అన్నారు. లక్ష్మీరాజం కాక లేచి, ఆ పిల్ల తెర మీద ఏమేమి అన్నదో ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు. చెప్పడంలో కోపం లేదు. అందుకే వినడం కష్టంగా ఉంది. లావణ్య చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. దేవేందర్ మైకు అందుకున్నాడు. "టెక్నికల్ ప్రాబ్లమ్ వల్ల..." అని మొదలుపెట్టాడు. టెక్నికల్ ప్రాబ్లమ్ మైకు పట్టుకునే నిలబడింది.

అప్పుడు అనూష లేచింది. గోడవార నడిచి తెర ముందుకు వెళ్లింది. దేవేందర్ ఏమనుకున్నాడో మైకు చాపాడు. తీసుకోలేదు. తను వినిపించాల్సిన ఒక్క మనిషికి మైకుతో పనిలేదు. నిలబడి, గొంతు తీయకుండా, కార్ఖానాలో మాట్లాడుకునేలాగే పెదాలు విప్పి పాట మొదలుపెట్టింది.

చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో హాలు హాలంతా పాట వింటోంది, కాలేజీ నుంచి వచ్చినవాళ్లు తప్ప. మహేశ్ సార్ కాసేపు ఓపిక పట్టి, "అమ్మా, కొంచెం గట్టిగా పాడు, వినపడటం లేదు" అన్నారు.

"మాకు ఇనవడ్తాంది సారూ, జర సప్పుడు జెయ్యకుండ్రి" అన్నాడు లక్ష్మీరాజం కాక.

పోచవ్వ మెడ చాచి, కళ్లు చిట్లించి చూస్తోంది. అనూష ముందు వరసలో సార్లు కూర్చున్న వైపు తిరిగి పాడుతోంది, అలవాటు. పోచవ్వ ఆగలేకపోయింది.

"ఇటు తిరుగు బిడ్డా, సగం పాట అటే పోతాంది!"

అనూష సార్లకు వీపు పెట్టి, అమ్మకు ఎదురుగా నిలబడి, పాటను మళ్లీ మొదటి నుంచి అందుకుంది.