ఆడవాళ్ళ వార్డులో రెండు మంచాలు

నేను అన్నం డబ్బాలకు మూతలు పెడుతుంటే, మా ఆయన షర్టు గుండీలు పెట్టుకుంటూ అన్నాడు: "మీటింగులో మీ అక్క ఊసెత్తకు. నలుగురిలో తలెత్తుకోలేం."

నేను హెడ్ నర్సుని. తాగుడుకో, మత్తుకో అలవాటుపడినవాళ్ళు వేరే జబ్బుతో వచ్చి చేరితే, ఆ అలవాటుకూ అక్కడే వైద్యం చెయ్యాలని మా ఆసుపత్రి కొత్తగా అనుకుంది. ఎలా మొదలుపెట్టాలో నేర్పడానికి బయటి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది.

అక్క నడుం ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలకు అలవాటుపడింది. నొప్పి తగ్గినా మానలేకపోయింది. ఇంటెడు చాకిరీ సాగినన్నాళ్ళూ బావకేమీ కనబడలేదు. వంట ఆలస్యమైన రోజున మాత్రం "మత్తుది" అని పేరు పెట్టాడు. కాలికి పుండు పడి మా వార్డులోనే చేరింది. దిండు కింద మాత్రలు నాకే దొరికాయి. "సిగ్గులేదా అక్కా? ఇద్దరు పిల్లల తల్లివి!" అని తిట్టి, అన్నీ సింకులో పోశాను. మర్నాటికి చెమటలు, వణుకు, వాంతులు. "చెల్లీ, ఒక్కటివ్వవే, ఒళ్ళంతా పీకేస్తోంది," అని నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అక్క లేదు. ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళిపోయింది. పుండు విషమై తొమ్మిదో రోజున పోయింది. పుండు వల్లే పోయిందన్నారందరూ. నేనూ అదే అన్నాను.

మీటింగులో పెద్ద డాక్టరుగారు ఈ వైద్యానికని కేటాయించిన ఆరు మంచాలూ మగవాళ్ళ వార్డుకే రాశారు. "ఆడవాళ్ళలో అలాంటివాళ్ళెక్కడమ్మా మనకి? వస్తే అప్పుడు చూద్దాం."

ఎవరో నవ్వారు.

"వచ్చిందండీ," అన్నాను. "మా అక్క."

మొదలెట్టాక ఆగలేకపోయాను. మాత్రలు పారేసింది నేనేనని కూడా చెప్పేశాను.

"ఉన్నట్టుండి ఆపేస్తే ఎంత నరకమో మీకెవరూ నేర్పలేదు కదా," అంది డాక్టరమ్మ. ఓదార్పుగానే అంది.

"తెలియకపోతే అడగొచ్చు కదండీ. నేను తిట్టాను."

పెద్ద డాక్టరుగారు కాగితం మీద కొట్టేసి, రెండు మంచాలు ఆడవాళ్ళ వార్డుకు మార్చారు. సంగతి ఇంటికి నాకంటే ముందే చేరింది. వారం దాకా మా ఆయన నాతో మాట్లాడలేదు. ఆ మౌనంలోనే వండాను, ఉతికాను, డ్యూటీకి వెళ్ళాను. భయపడినంత కష్టంగా ఏమీ లేదు.

తర్వాతి నెలలో మొదటి మంచం మీదికి ఒక టైలరమ్మ వచ్చింది. వెంట వచ్చిన భర్త "కడుపునొప్పని రాయండి చాలు," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె చేతులు గ్లాసు కూడా పట్టుకోలేనంతగా వణుకుతున్నాయి. డాక్టరు రాసిన మందు వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నా ముఖంలోకి చూసింది. "మీరు తిట్టరా?" అంది.

"ఒకసారి తిట్టానమ్మా," అన్నాను.