పాట పాడని మెషిన్

బట్టలుతికే మెషిన్ కొత్తదే గానీ పాట పాడటం లేదని ఆవిడ కంప్లయింట్ ఇచ్చింది.

ఉతకడం అయిపోగానే పాట వస్తుందని దాంతోపాటు ఇచ్చిన పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివింది ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఏదో ఆడగొంతు గొణిగింది. ఈ మధ్య అన్నీ గొణుగుడే. టీవీలో సినిమా పెడితే మాటలు గుసగుసలు, ఫైట్లు మాత్రం ఇల్లెగిరిపోయే మోత. రిమోట్ చేతిలోంచి దించడానికి లేదు.

"నోరు తెరిచి మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా ఈ హీరోలకి?" అని ఆవిడ విసుక్కునేది.

ఆయన పేపర్లోంచి తల ఎత్తేవాడు కాదు. ఇంటికెవరొచ్చినా ఆయన వేసే జోకు ఒక్కటే: "మా ఆవిడ నా మాట ఎప్పుడు విన్నది గనక!" పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టాడు. ఆవిడ జవాబూ అప్పటిదే: "వినదగ్గ మాట ఒక్కటి అనండి, వింటాను."

మెకానిక్ వస్తానన్న రోజు ఉదయం కూడా కాఫీ దగ్గర అదే అయింది. ఆయన "చాలు, చాలు" అంటుంటే, ఆవిడ "పాలు, పాలు" అనుకుని ఇంకాస్త పోసింది. కాఫీ సాసర్లోకి పొర్లింది.

"చూశావుటే? వినదు" అన్నాడాయన కూతురితో. కూతురు నవ్వబోయి, తల్లి మొహం వంక చూసి ఊరుకుంది.

సోమవారం నుంచి కూతురు మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి. నెలల పాప అమ్మమ్మ దగ్గరుంటుందని ఎప్పుడో అనుకున్నారు. ఆవిడ ఉయ్యాలని కిటికీకి దూరంగా జరిపింది. బల్ల మూలలకి మెత్తటి గుడ్డలు చుట్టి కట్టింది. ఎన్నాళ్ళకో చేతులకి సరైన పని దొరకబోతోంది. మెషిన్ పాట గురించి అంత పట్టుదల కూడా అందుకే. పాపని జోకొడుతూ మాటిమాటికీ లేచి మెషిన్ దగ్గరికి వెళ్ళడం కుదరదు కదా. అదే పిలవాలి.

మెకానిక్ వచ్చాడు. సంగతి విని నవ్వాడు.

"అందరూ ఆ పాట భరించలేకపోతున్నాం, ఆపెయ్యమని పిలుస్తారమ్మా. పాడించమని పిలిచింది మీరొక్కరే."

"ఆపడానికి ముందు అది పాడాలిగా నాయనా" అంది ఆవిడ.

అతను అన్నిటికన్నా తొందరగా అయిపోయే ఉతుకు బటన్ నొక్కాడు. మెషిన్ నీళ్ళు తీసుకుంది, తిరిగింది, ఊగింది, నెమ్మదించి ఆగింది. ఆవిడ దాని మూత మీద చెయ్యి వేసి నిలబడింది. గుమ్మంలో కూతురి చంకనున్న పాప కాళ్ళు తపతపా ఆడించింది.

"చూశారా? కిక్కురుమనలేదు" అంది ఆవిడ.

మెకానిక్ ఆయన వంక చూశాడు. ఆయన పేపర్ వంక చూశాడు.

"పాడిందమ్మా" అన్నాడు మెకానిక్ చివరికి.

"ఎప్పుడూ?"

"ఇప్పుడే. ఉండండి, మళ్ళీ పెడతాను."

మళ్ళీ పెట్టాడు. ఈసారి మెషిన్ ఆగాక ఆవిడ అతని వేళ్ళు చూసింది. ఆ వేళ్ళు మూత మీద మెల్లగా తాళం వేస్తున్నాయి. ఆవిడ వంగి రేకుకి చెవి ఆనించింది. చల్లగా తగిలింది, అంతే.

లేచి ఆయన వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

"మొదటి రోజు నుంచీ పాడుతూనే ఉంది."

"మరి చెప్పరేం?"

"నేను చెబితే నువ్వు..." అని ఆగిపోయాడు. "బయటివాళ్ళు చెబితే నమ్ముతావనుకున్నాను."

మెకానిక్ ఫోన్ తీసి, ఇబ్బందిగా అడిగాడు. "ఏం రాసుకోమంటారమ్మా?"

"మెషిన్‌లో ఏ లోపమూ లేదని రాసుకో."

సాయంత్రానికల్లా ఆవిడ ఫోన్లో ప్రకటనలు మొదలయ్యాయి. చెవి వెనక చిన్న గింజంత వస్తువు పెట్టుకుని మనవళ్ళతో నవ్వుతున్న తలనెరిసిన జంటలు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎవరు వెతికారో, ఫోన్‌కి ఎలా తెలిసిందో! ఒక్కొక్కటీ పక్కకి తోసేస్తుంటే కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా. సోమవారం. పాప."

"ముక్కలు ముక్కలుగా అరవకే. నీ మాట నాకు వినపడుతూనే ఉంది."

"నా మాట కాదమ్మా. దాని ఏడుపు." కూతురు గొంతు తగ్గింది. ఆవిడ ఆ పెదవులనే చూస్తూ కూర్చుంది. "నిన్న అది గుక్కపెట్టి ఏడిస్తే నేను స్నానం మధ్యలో తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చాను. నువ్వు అది పడుకున్న గది గుమ్మంలోనే కూర్చుని బట్టలు మడతపెడుతున్నావు."

ఆవిడకి గుర్తొచ్చింది. తల్లి కదా, పిల్ల కదిలితేనే తెలిసిపోతుంది అనుకుని కూతుర్ని చూసి మురిసిపోయింది అప్పుడు.

"క్రెష్‌లో మాట్లాడాను. నీకు మెషిన్ పెట్టించి, అది అలవాటయ్యాక చూద్దాం."

ఆ ఇంట్లో మెషిన్ అంటే ఇన్నాళ్ళూ ఒక్కటే. ఇది ఇంకోటని అర్థం కావడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది.

"సరే" అంది. "దానికి పడుకునేటప్పుడు వీపు నిమరాలి, బొజ్జ కాదు. అక్కడ చెప్పు."

సోమవారం కూతురు పాపని భుజానేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ బల్ల మూలలకి కట్టిన గుడ్డలు విప్పలేదు. ఉతికిన బట్టలు ముందేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పాప గౌన్లు అడుగున పెట్టి దుప్పట్లు మడతపెట్టసాగింది.

"ఆ కిటికీ వెయ్యి, ఎండ కళ్ళలో పడుతోంది" అన్నాడాయన వెనక నుంచి.

సందడి లేని ఇంట్లో ఆయన బొంగురు గొంతులో ప్రతి అక్షరమూ వినిపించింది. ఆవిడ లేవలేదు. దుప్పటి అంచులు కలుపుతూ, చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఇప్పుడంటాడు. నా మాట ఎప్పుడు విన్నావు గనక, అంటాడు. జవాబు నాలుక చివరే ఉంది.

పేపర్ మడిచిన చప్పుడైంది. కుర్చీ జరిగింది. ఆయన నడిచొచ్చి, ఆవిడ ఎదురుగా నిలబడి, చిన్నపిల్లకి చెబుతున్నట్టు వంగి, పెదవులు పెద్దగా కదిలిస్తూ చెప్పాడు.

"కిటికీ. వెయ్యి."

ఆవిడ దుప్పటి పక్కన పెట్టింది. లేచి కిటికీ వేసింది.